షింజుకులో దారి అడిగిన ఎంక్వయిరీ క్లర్కు

31 ఏళ్లు నేను అద్దానికి లోపలి వైపు కూర్చున్నాను. బెజవాడ జంక్షన్‌లో ఈసీఆర్‌సీ, అంటే ఎంక్వయిరీ కమ్ రిజర్వేషన్ క్లర్కుని. రిజర్వేషన్ కౌంటర్లో కన్నా ఎంక్వయిరీలోనే నన్ను ఎక్కువ కాలం వేశారు, గొంతు పెద్దదని. "పినాకిని ఎన్నో నంబరండీ?", "సర్కారు వెళ్లిపోయిందా?", "ఇది తెనాల్లో ఆగుద్దా?" ఇవే ప్రశ్నలు, రోజుకి కొన్ని వందల సార్లు. నిద్రలో కూడా "ఆరో నంబరు, ఆరో నంబరు" అనేదాన్నని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంటారు.

అలాంటి నేను పోయిన అక్టోబరులో టోక్యోలోని షింజుకు స్టేషన్లో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి, వచ్చేపోయే వాళ్ల మొహాలు చూస్తూ, వీళ్లలో ఎవర్ని అడిగితే చెబుతారా అని వెతుక్కున్నాను. అద్దానికి రెండు వైపులా నిలబడ్డదాన్ని కాబట్టి ఈ స్టేషనుకి మార్కులు వేసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. బళ్లు సమయానికి వస్తాయా, బోగీలు శుభ్రంగా ఉంటాయా అన్నది అందరూ రాసిందే. నేను చూసింది ఒక్కటే. కొత్త మనిషికి ఆ స్టేషను దారి చెబుతుందా, చెప్పదా?

మా అబ్బాయి వాళ్లుండేది నిషికసాయ్‌లో. టోక్యోకి తూర్పు వైపు, మన దేశం వాళ్లు బాగా స్థిరపడ్డ పేట. సాయంత్రం నడకకి వెళ్తే ఏదో ఒక బాల్కనీలోంచి ఇంగువ పోపు వాసన వస్తుంది. మేం అక్కడ దాదాపు మూడు నెలలున్నాం. ఆ మూడు నెలల్లో షింజుకుకి పదకొండు సార్లు వెళ్లాను. మొదటి నాలుగు సార్లూ తప్పిపోయాను. ఆ తర్వాత తప్పిపోలేదు. అసలు ఈ రాత ఆ నాలుగు సార్ల గురించే.

మొదటిసారి అసలు షింజుకుకే చేరలేదు.

నిషికసాయ్‌లో తోజాయ్ లైను ఎక్కి కుదాన్‌షితాలో దిగి, అక్కడ తోయేయ్ షింజుకు లైను పట్టుకోమన్నాడు మావాడు. అంతవరకు బాగానే చేశాం. నాలుగో స్టాపులో దిగాలని చెప్పి పంపాడు. మూడో స్టాపు దగ్గర బోర్డు మీద "షింజుకు" అని కనబడగానే మా ఆయన లేచి దిగిపోయారు. ఆయన దిగాక నేనేం చేస్తాను, దిగాను. తలుపులు మూసుకున్నాక బోర్డు మిగతా సగం చదివాం. షింజుకు-సాంచొమే. అంటే షింజుకు మూడో పేట లాంటిదన్నమాట, ప్రధాన స్టేషను దాని తర్వాతది.

తర్వాత లెక్కపెట్టాను. షింజుకు అన్న మాట పేరులో తగిలించుకున్న స్టేషన్లు ఆ చుట్టుపక్కల బోలెడు. సెయ్‌బు-షింజుకు, నిషి-షింజుకు, హిగాషి-షింజుకు, మినామి-షింజుకు, షింజుకు-నిషిగుచి, షింజుకు-గ్యోఎమ్మాయె, మేం దిగిన సాంచొమే. వీటిలో ఏదీ అసలు షింజుకు కాదు. హైదరాబాద్ అని టికెట్టు కొని సికింద్రాబాద్‌లో దిగాలా, నాంపల్లిలో దిగాలా, కాచిగూడలో దిగాలా అని కౌంటర్లో నన్ను అడిగినవాళ్లు గుర్తొచ్చారు. కొందర్ని విసుక్కున్నాను కూడా. ఆ విసుగు ఇక్కడ నాకు తిరిగొచ్చింది.

మావాడు రాత్రి నవ్వి, "పేరు చూడకమ్మా, నంబరు చూడు" అన్నాడు. అక్కడ ప్రతి స్టేషనుకీ లైను అక్షరంతో ఒక నంబరుంటుంది. తోయేయ్ షింజుకు లైనులో షింజుకు ఎస్ 01, సాంచొమే ఎస్ 02. యమనోతే లైనులో అదే షింజుకు జేవై 17. దానికి తోడు జేఆర్, అంటే జపాన్ రైల్వే వాళ్లు పెద్ద స్టేషన్లకి మూడక్షరాల గుర్తు కూడా పెట్టారు, షింజుకుకి ఎస్‌జేకే. బెజవాడని జీవితాంతం బీజడ్‌ఏ అని రాసిన చేతికి ఇది అమ్మగారిల్లు లాగా అనిపించింది. భాష రానివాళ్లకి ఊరి పేరు పలకడం కన్నా ఒక అక్షరం, ఒక అంకె గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇందుకు పదికి పది వేస్తున్నాను.

రెండోసారి ఎస్ 01లోనే దిగాం. భూమి అడుగున చాలా లోతులో ఉంది ప్లాట్‌ఫారం. 4వ నంబరు. ఇక్కడే నా రైల్వే బుర్ర దెబ్బతింది.

మనకి స్టేషను ఒక్కటే, యజమాని ఒక్కడే. బెజవాడలో పది ప్లాట్‌ఫారాలుంటే ఒకటి నుంచి పది దాకా వరసగా నంబర్లు. అయిదు అంటే అయిదే. షింజుకు అలా కాదు. జేఆర్ ఈస్ట్, ఒదక్యూ, కెయో, టోక్యో మెట్రో, తోయేయ్ అని అయిదు సంస్థలు ఒకే పేరు కింద పక్కపక్కన, ఒకదాని కింద ఒకటి స్టేషన్లు కట్టుకున్నాయి. ఎవరి నంబర్లు వాళ్లవి. జేఆర్‌కి 1 నుంచి 16. ఒదక్యూకి 1 నుంచి 10, అందులో కొన్ని నేల మీద, కొన్ని నేల కింద. కెయోకి 1 నుంచి 3. ఆ తర్వాత కెయో కొత్త లైనూ తోయేయ్ షింజుకు లైనూ కలిసి వాడుకునే ప్లాట్‌ఫారాలు 4, 5. ఓఎదో లైనుకి 6, 7. లెక్క తేల్చుకోండి, ఆ స్టేషన్లో 5వ నంబరు ప్లాట్‌ఫారాలు మూడున్నాయి. "అయిదో నంబరు ఎక్కడండీ?" అని అడిగితే జపాను క్లర్కు "ఏ అయిదండీ?" అనాల్సిందే. ఆ కౌంటర్లో కూర్చునేవాళ్లకి నా జోహార్లు.

రంగులతో పోల్చుకోవచ్చని కోడలు చెప్పింది. ప్రతి లైనుకీ ఒక రంగు. చూఓ లైనుకి నారింజ, చూఓ-సోబుకి పసుపు, ఇంతవరకు బాగుంది. కానీ యమనోతే లైను లేతాకుపచ్చ, సాయ్‌క్యో లైను ముదురాకుపచ్చ, మేమెక్కే తోయేయ్ షింజుకు లైను మధ్యరకం ఆకుపచ్చ. మా ఆయనకి ఆకుపచ్చలో తేడాలు పెళ్లయినప్పటి నుంచి తెలియవు, నా చీరలే సాక్ష్యం. రంగులకి ఆరు మార్కులు.

ఆ రోజు మేం కలవాల్సింది మా ఆయన పాత స్నేహితుడి కూతుర్ని. యొకొహామాలో ఉద్యోగం చేస్తోంది. "అంకుల్, ఈస్ట్ ఎగ్జిట్ బయట పెద్ద పిల్లి బోర్డు ఉంటుంది, దాని కింద ఉంటాను" అంది. నిజంగానే ఆ వైపు ఒక మేడ పైన వంపు తిరిగిన తెర ఉంది, అందులో పెంపుడు పిల్లి ఒకటి బయటికి దూకబోతున్నట్టు కనబడుతుంది. 2021 నుంచి ఉందిట. షింజుకులో కలుసుకునేవాళ్లకి అదొక ఆనవాలు.

మేం పైకి వచ్చేసరికి పడమర వైపు తేలాం. తూర్పుకి పోవాలి. మధ్యలో జేఆర్ వాళ్ల పదహారు ప్లాట్‌ఫారాలు అడ్డం. ఎదురుగా సెంట్రల్ వెస్ట్ అనే గేటు కనబడింది. లోపల సొరంగం లాంటి దారి తిన్నగా అవతలికి పోతోంది. మా ఆయన "అదిగో" అని సుయికా కార్డు, అంటే ముందే డబ్బు వేసుకున్న రైలు కార్డు, తాకించి దూరిపోయారు. ఆయన వెనక నేను. తిన్నగా నడిచి సెంట్రల్ ఈస్ట్ గేటులో బయటపడ్డాం. గేటు మీది చిన్న తెరలో 150 యెన్లు తగ్గినట్టు చూపించింది. ఇద్దరికీ కలిపి 300. రైలెక్కింది లేదు, దిగింది లేదు.

ఇది దేనికని ఇంటికెళ్లాక అడిగితే మావాడు వెతికి చెప్పాడు. ఒకే స్టేషన్లో లోపలికి వెళ్లి రెండు గంటల్లోపు బయటికొస్తే ప్లాట్‌ఫారం టికెట్టు సొమ్ము కార్డులోంచి పట్టుకుంటారు. 2021 మార్చి నుంచి ఈ పద్ధతి. ప్లాట్‌ఫారం టికెట్టు! నేను నా చేత్తో ఎన్ని అమ్మానో లెక్కలేదు. మా ఆయన జీవితంలో మొదటిసారి ప్లాట్‌ఫారం టికెట్టు కొన్నది షింజుకులోనే. బెజవాడలో ఉద్యోగిని మొగుడిగా ఆయన్ని ఎవరూ అడగలేదు.

అసలు బాధ అది కాదు. తూర్పు నుంచి పడమరకి పైసా లేకుండా, గేటు దాటకుండా పోయే వెడల్పాటి దారి ఒకటి అక్కడే, కాస్త ఉత్తరంగా ఉంది. 2020 జులైలో తెరిచారు. దాదాపు వంద మీటర్ల పొడవు, పాతిక మీటర్ల వెడల్పు. అంతకుముందు ఊళ్లోవాళ్లే స్టేషన్ని చుట్టుకుని పోవాల్సి వచ్చేదిట. అంటే 1885లో పుట్టిన స్టేషనుకి రెండు వైపుల్నీ నేరుగా కలిపే అలాంటి దారి రావడానికి 135 ఏళ్లు పట్టింది. మన ఊళ్లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఆలస్యమైందని ఇంకెప్పుడూ మాట్లాడను.

మూడోసారి, నాలుగోసారి తప్పిపోవడం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఒకసారి కెయో లైను అనుకుని కెయో కొత్త లైనులో దిగబడ్డాం. పేరులో ఒక్క మాట తేడా, స్టేషన్లు వేరు. ఇంకోసారి భూమి కింది దుకాణాల వీధిలో పడి, ఒకే కేకుల కొట్టు ముందు నుంచి మూడుసార్లు నడిచాం. మూడోసారి ఆ కొట్టు అమ్మాయి మాకు దణ్ణం పెట్టింది.

షింజుకుని స్థానికులు కూడా "డంజన్" అంటారని కోడలు చెప్పింది, వీడియో గేముల్లో పాతాళ కోటలుంటాయే, అది. బయటికి పోయే దారులు రెండు వందలకి పైనే ఉంటాయని అందరూ చెప్పే మాట. కరోనాకి ముందు లెక్కల్లో రోజుకి సుమారు 35 లక్షల మంది ఆ స్టేషన్లోంచి రాకపోకలు సాగించారు, ప్రపంచంలో అన్నిటికన్నా రద్దీ అయిన స్టేషనుగా గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. 2016 కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులూ నేను డ్యూటీలో ఉన్నాను. జనం అంటే ఏమిటో నాకు తెలుసు. ఉదయం ఎనిమిదిన్నరకి షింజుకు మెట్ల మీద నిలబడి చూస్తే పుష్కరాల రద్దీలో ఒక్క గొంతు కూడా లేకుండా తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చెప్పుల చప్పుడు, అంతే. ఎవరూ ఎవర్నీ తొయ్యరు, ఎవరూ ఎవరికోసమూ ఆగరు. ఆ ప్రవాహంలో మధ్యలో నిలబడి ఫోను చూసుకున్నవాడే పాపాత్ముడు. చూసుకోవాలంటే గోడ వారకి పోవాలి. ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడాలి. కొత్తవాళ్లకి నా మొదటి మాట, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పెట్టె పట్టుకుని అటువైపు వెళ్లకండి.

అయిదోసారికి నాకు కిటుకు దొరికింది. ఇది చెప్పింది మావాడు కాదు, గూగుల్ కాదు. గూగుల్ మ్యాపు ఆ లోతుల్లో మనం ఏ అంతస్తులో ఉన్నామో తెలియక నీలం చుక్కని వీధుల మీద ఊగిస్తూ ఉంటుంది. చెప్పింది జేఆర్ గేటు పక్కన చిన్న గదిలో కూర్చున్న ఉద్యోగి. నా వయసు వాడే ఉంటాడు. నా ప్రశ్న వినగానే లేచి బయటికొచ్చాడు. ముందు అది నాకు నచ్చింది. నేనెప్పుడూ లేవలేదు. ప్లాస్టిక్ తొడుగు వేసిన పటం చూపించి, వేలితో కిందికి గీత గీసి "ఈస్ట్, వెస్ట్" అన్నాడు. పైకి గీత గీసి "సౌత్" అన్నాడు. మళ్లీ ఒకసారి అదే చేశాడు. నాకు బుర్రలో దీపం వెలిగింది.

జేఆర్ పట్టాలు నేల మట్టాన ఉన్నాయి. తూర్పు, పడమర గేట్లు, వాటి మధ్యవి, అన్నీ నేల కింద ఒక అంతస్తులో ఉన్నాయి. దక్షిణం గేట్లు మాత్రం పైన, పట్టాల మీదుగా పోయే రోడ్డు వంతెన మట్టాన ఉన్నాయి. ఆ రోడ్డు పేరు కోషూ కైదో, పాతకాలపు రాజమార్గం. ఆ దారిలో కొత్తగా వెలసిన మజిలీ కాబట్టే ఊరికి షింజుకు అని పేరు. షిన్ అంటే కొత్త, జుకు అంటే బాటసారులు బస చేసే చోటు. మన భాషలో చెప్పాలంటే కొత్తసత్రం. సత్రం అనుకున్నాక ఆ స్టేషను మీద నాకు కోపం సగం తగ్గింది.

కాబట్టి జేఆర్ బండి దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడే తేల్చుకోవాలి. మెట్లు దిగితే తూర్పు పడమరలు, ఎక్కితే దక్షిణం. ఇక్కడ తప్పు చేస్తే తర్వాత దిద్దుకోవడానికి పావుగంట పడుతుంది. ఈ ఒక్క ముక్క ప్లాట్‌ఫారం మీద పెద్ద బాణంతో, బొమ్మతో రాసి పెడితే నాలాంటి వాళ్లు ఎంతమంది బాగుపడతారో. బోర్డులున్నాయి, కాదనను. జపనీస్, ఇంగ్లీషు, చైనా, కొరియా భాషల్లో ఉన్నాయి. బయటికి పోయే దారికి పసుపు పచ్చ బోర్డు పెట్టడం కూడా మంచి పద్ధతి. పసుపు కనబడిందా, బయటి గాలి దగ్గర్లో ఉన్నట్టే. ఇబ్బంది ఏమిటంటే ఒక్కో బోర్డు మీద పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలాగా పేర్లు. నడుస్తూ చదవలేం, నిలబడితే వెనకవాళ్లకి అడ్డం. బోర్డులకి ఏడు మార్కులు, అందులో ఒకటి పసుపు రంగుకి.

బోర్డుల సంగతి వచ్చింది కాబట్టి ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. సాతో షూయెత్సు అని ఒక కాపలా ఉద్యోగి. 2000 తర్వాత తొలి ఏళ్లలో షింజుకు స్టేషన్లో మరమ్మతులు జరుగుతున్నప్పుడు దారులు మూసేసి, మళ్లించి గందరగోళంగా ఉంటే, ఆయన పని జనాన్ని అటు ఇటు పంపడం. అరిచి అరిచి లాభం లేక, రంగు రంగుల అంటుటేపు తెచ్చుకుని, కత్తితో ముక్కలు కోసి, గోడల మీద నిలువెత్తు అక్షరాలు అతికించాడు. బాణాలు, గేట్ల పేర్లు. ఆ అక్షరాలు ఎంత బాగున్నాయంటే ఆ శైలికి ఆయన పేరు మీదే "షూయెత్సుతాయ్" అని పేరు పడింది. మనవరాలు ఫోన్లో ఫొటోలు చూపించింది. మూలలు గుండ్రంగా తిప్పిన, బొద్దుగా ఉన్న అక్షరాలు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. రోజూ అదే ప్రశ్న వినీ వినీ విసిగినవాడు ఏం చేస్తాడో అది చేశాడు. నేను మాత్రం 31 ఏళ్లలో కౌంటరు అద్దం మీద ఒక్క కాగితం అంటించాను, "చిల్లర లేదు" అని.

ఇంకో విషయం. ఒక రోజు ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర పిట్ట కూసింది. చూరులో గూడు కట్టిందేమో అని తలెత్తి వెతికాను. కాసేపటికి మళ్లీ అదే కూత, అదే స్వరం. స్పీకరు. చూపులేని వాళ్లకి మెట్లు ఇక్కడున్నాయని తెలియడానికి స్టేషన్లలో అలా పిట్టల కూతలు వినిపిస్తారు. టికెట్టు గేట్ల దగ్గర "పింగ్ పాంగ్" అని గంట. నేల మీద పసుపు రంగు బొడిపెల పలకలు మన స్టేషన్లలోనూ ఉన్నాయి కదా, అవి మొదలైందే జపాన్లో. మియాకే సెయిచి అనే ఆయన తయారుచేస్తే 1967లో ఒకయామాలో మొదటిసారి పరిచారు. ఆ పలకల వెంట తెల్లకర్రతో ఒకాయన ఆ మందలో, ఆ వేగంలో, మాకన్నా నమ్మకంగా నడిచిపోయాడు. కళ్లుండి మేం గోడ వారన నిలబడ్డాం. దీనికి పదికి పదీ.

తిండి సంగతి రెండు మాటల్లో. శాకాహారులు నూడుల్స్ కొట్ల వాసనకి మోసపోకండి, కూరగాయల నూడుల్స్ అన్నా ఆ పులుసు చేపల సారంతో చేసిందే ఎక్కువ. గేటు లోపలి చిన్న కొట్లలో ఒనిగిరి అని అన్నం ముద్దలు దొరుకుతాయి. ఉమెబొషి అని పుల్లటి ఉప్పటి ఎర్రకాయ పెట్టింది అడగండి. ఊరవేసిన ఉసిరికాయ ముక్క పెరుగన్నంలో తగిలినట్టుంటుంది. అందులోనూ కొన్నిటిలో ఎండుచేప పొడి కలుపుతారు, కత్సువో అన్న మాట కనబడితే పక్కన పెట్టండి. మా ఆయనకి ఆ ముద్ద నచ్చలేదు, గోంగూర లేని లోటు అన్నారు.

కూర్చునే చోటు దగ్గర మాత్రం మార్కులు కోస్తాను. గేట్ల బయట అంత పెద్ద మండపాల్లో బెంచీ అన్నది వెతికి పట్టుకోవాలి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మన స్టేషన్లో అయితే దుప్పటి పరుచుకుంటాం, అక్కడ మెట్టు మీద కూర్చోవాలన్నా మొహమాటం. మేం కనిపెట్టిన ఉపాయం, ప్లాట్‌ఫారం మీదే కూర్చుని అలసట తీర్చుకుని ఆ తర్వాత గేటు దాటడం. చెత్తబుట్టలు కూడా అరుదే, అరటి తొక్క సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పడమర వైపు పెద్ద పెద్ద భవనాలు పడగొట్టి కొత్తవి కడుతున్నారు, అందువల్ల పాత వీడియోల్లో చూపించిన దారులు నమ్ముకోవద్దు. నిరుటి పటం కూడా ఈ ఏడు పనికిరాకపోవచ్చు. నాలుగు మార్కులు.

ఎనిమిదోసారి ఒక్కదాన్నే వెళ్లాను. పడమర దారిలో నడిచి టోక్యో నగర ప్రభుత్వ భవనం 45వ అంతస్తు ఎక్కి వచ్చాను. 202 మీటర్ల ఎత్తు, టికెట్టు లేదు. అద్దంలోంచి ఊరంతా కనబడింది, ఫూజీ పర్వతం కనబడలేదు, మబ్బు. ఆ ఫూజీ కోసమే తొమ్మిదోసారి అందరం కలిసి బస్సు టెర్మినల్‌కి వెళ్లాం. బుస్తా షింజుకు అంటారు, 2016లో కట్టింది. పట్టాల పైన, దక్షిణం వైపు. ఫూజీ దగ్గరున్న కవాగుచికోకి వెళ్లే బస్సు నాలుగో అంతస్తులో. ఆ రోజు మావాడికి ఫోనులో ఏదో ఆఫీసు గొడవ. మాట్లాడుతూ అలవాటు కొద్దీ ప్లాట్‌ఫారం మెట్లు కిందికి దిగబోయాడు. నేను చొక్కా పట్టుకుని ఆపి "పైకిరా నాయనా, న్యూ సౌత్ గేటు" అన్నాను. వాడు టోక్యోలో ఆరేళ్లుగా ఉంటున్నాడు. కోడలు మొహం అటు తిప్పుకుని నవ్వింది. మా ఆయన మాత్రం అక్కడున్న అందరికీ వినబడేలా, "ఆరో నంబరు, ఆరో నంబరు" అన్నారు.

మొత్తం మీద ఎంత అంటే, కౌంటర్లోంచి లేచి వచ్చిన ఆ ఉద్యోగిని కలుపుకుని పదికి ఏడున్నర. ఆయన లేకపోతే ఆరు.

వచ్చే ఏప్రిల్లో మా వియ్యంకుడూ వియ్యపురాలూ వెళ్తున్నారు. ఆవిడ మొన్న ఇంటికి వచ్చి "వదినగారూ, ఆ స్టేషను గురించి భయపెడుతున్నారు మా అమ్మాయి వాళ్లు, కాస్త చెప్పండి" అంది. కాగితం మీద రాసిచ్చాను. పేరు చూడొద్దు, ఎస్ 01 చూడండి. కలుసుకునేవాళ్లని ఎగ్జిట్ పేరుతో పాటు అక్కడ కనబడే వస్తువు కూడా చెప్పమనండి. తోయేయ్ బండి దిగితే జేఆర్ గేటులో దూరొద్దు, ఈస్ట్-వెస్ట్ ఫ్రీ పాసేజ్ అన్న బోర్డు పట్టుకోండి. జేఆర్ బండి దిగితే కదలకుండా ఒక్క నిమిషం నిలబడి, దిగాలా ఎక్కాలా తేల్చుకోండి. యమనోతేలో షిబుయా వైపు 14, ఇకెబుకురో వైపు 15. మోకాళ్ల నొప్పులుంటే ప్లాట్‌ఫారం మీదే కూర్చోండి. అన్నయ్యగారు ముందు నడవకుండా చూసుకోండి.

ఆవిడ రెండుసార్లు చదువుకుని, "మరి అడిగితే ఎవరైనా చెబుతారంటారా?" అంది.

"చెబుతారు. గేటు పక్కన గదిలో ఉన్నవాళ్లని అడగండి. దారిన పోయేవాళ్లని అడిగితే వాళ్ల బండి వదులుకుని మీతో వచ్చేస్తారు, మనకే సిగ్గుగా ఉంటుంది" అన్నాను. మాకు అలా ఒకసారి జరిగింది, ఆఫీసు బ్యాగు వేసుకున్న ఒకమ్మాయి అయిదారు నిమిషాలు మాతో నడిచి గేటు చూపించి, తిరిగి పరుగెత్తింది.

కాగితం పోతుందేమో, ఫోన్లో ఫొటో తీసుకోమన్నాను. తీసుకుంది, తలకిందులుగా.